నాలుగు కోర్లలో మూడింటిని నిద్రపుచ్చిన ఘనత

ఒక నిజాయితీపరుణ్ణి నలుగురి ముందు నిలబెట్టి మోసగాడన్నాను. రెండేళ్లు పోట్లాడి తెచ్చుకున్న కంప్యూటర్‌ని నా చేతులతోనే ఆటో ఎక్కించాను. ఈ రెండు ఘనకార్యాలూ ఒకే మధ్యాహ్నం, ఒకే నోటితో పూర్తిచేశాను. ఆ నోరు ఇప్పటికీ మంచి కండిషన్‌లోనే ఉంది కాబట్టి ఆ ప్రళయం సంగతి నేనే చెబుతాను. వేరేవాళ్లు చెబితే ఉప్పూకారం ఎక్కువవుతుంది. మా స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకునే కథలో నేను ఆటో వెనక పరుగెత్తినట్టు కూడా ఉంది. అబద్ధం. నేను పరుగెత్తలేదు. వేగంగా నడిచాను.

మొన్న క్లాసులో ఒకమ్మాయి, "ఆఠ్ కోర్ హై మేడం, ఫిర్ భీ స్లో హై" అని తన ఫోన్‌ని చూసి మూతి ముడిచింది. ఎనిమిది కోర్లు! అరచేతిలో! కోర్ అంటే యంత్రం లోపల లెక్కలు చేసే బుర్ర అనుకోండి. ఎనిమిది బుర్రలున్న వస్తువుని చేతిలో పట్టుకుని ఆ పిల్ల విసుక్కుంటుంటే నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే పాత రోజులు గుర్తొచ్చాయి. నాందేడ్‌లోని మా కాలేజీకి నాలుగు కోర్ల మెషిన్ ఒకే ఒక్కటి వచ్చిన రోజున మేం దానికి కొబ్బరికాయ కొట్టాం. కొబ్బరిముక్క కోసం బోటనీవాళ్లు కూడా వచ్చారు.

అప్పట్లో మా కంప్యూటర్ ల్యాబ్‌లోకి చెప్పులతో వెళ్లడం నిషేధం. దేవుడి గదికైనా అంత మడి ఉండదు. ప్రతి మానిటర్‌కీ గులాబీరంగు గుడ్డ తొడుగు ఉండేది. వాటిని కుట్టింది మా ల్యాబ్ అటెండెంట్ గంగారాం మామ భార్య. గంగారాం మామది ధర్మాబాద్ దగ్గర పల్లె. నాన్న రైల్వే ఉద్యోగం మీద నిజామాబాద్ నుంచి వచ్చి ఇక్కడి క్వార్టర్లలో స్థిరపడటంతో నేను ఈ ఊళ్లోనే పుట్టాను. డిపార్టుమెంటు మొత్తం మీద తెలుగువాళ్లం మేమిద్దరమే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ నా వాడుక. పోట్లాట మాత్రం ఎదుటివాళ్లకి ఏ భాష తక్కువ వస్తే ఆ భాషలో.

ఇక మా డిపార్టుమెంటు హెడ్ జోషి సర్. ఆయనతో పోట్లాడటం దూదిదిండుని గుద్దడంలాంటిది. ఎంత గుద్దినా చెయ్యి నొప్పి పుట్టదు, దిండూ మారదు. ఏ మార్పు చేద్దామన్నా ఒకటే జవాబు: "చాల్తయ్ నా? మగ్ చాలూ ద్యా." నడుస్తోందిగా, నడవనివ్వండి.

నడవడం లేదని నా వాదన. అవి లోడ్‌షెడ్డింగ్ రోజులు. పదకొండింటికి వచ్చిన కరెంటు రెండింటికి టంచనుగా పోయేది. రైళ్లు ఆలస్యమయ్యేవి గానీ కరెంటు పోవడం ఏనాడూ ఆలస్యం కాలేదు. మా ఇన్వర్టర్ రెండు ట్యూబ్‌లైట్లని మోయడానికే ఆయాసపడేది. ఫైనలియర్ అమ్మాయిలు ప్రాజెక్టు ప్రోగ్రామ్ మొదలుపెడితే అది సగంలో ఉండగా టప్‌మని అన్నీ ఆరిపోయేవి. మర్నాడు మళ్లీ మొదటినుంచి. ముగ్గురమ్మాయిలు వరసగా నాలుగు రోజులు అదే ప్రోగ్రామ్‌ని సగందాకా నడిపి, ఐదో రోజు నా బల్ల దగ్గర నిలబడి ఏడ్చారు. నాలుగు కోర్ల మెషిన్ ఉంటే పని కరెంటు పోయేలోపే ముగుస్తుంది. వేగం మాకు షోకు కాదని నేను రెండేళ్లు కనిపించినవాళ్లందరితో పోట్లాడింది అందుకే.

చివరికి మా సంస్థ అధ్యక్షులు దిగివచ్చారు. అందరూ ఆయన్ని సాహెబ్ అనేవాళ్లు. ఆయన దృష్టిలో కాలేజీ అంటే గ్యాదరింగ్. పాటలూ డాన్సులూ నాటకాలతో జరిగే వార్షికోత్సవానికి మా మరాఠ్వాడాలో అదే పేరు. ఆ స్టేజీ పర్దా చిరిగిపోయింది. ఈ ఏడాది పర్దానో మెషినో ఏదో ఒకటే కొనగలమని ఆయన తేల్చేశారు. మెషిన్‌ని ఎనిమిది రోజులు తెచ్చి పెట్టుకోండి, శనివారం వచ్చి చూస్తాను, పాతదానికంటే వేగంగా పనిచేస్తే మెషిన్, లేకపోతే పర్దా అన్నారు.

మెషిన్ తెచ్చినవాడు లక్ష్మణ్. రైల్వే గేటు అవతల కంప్యూటర్ల దుకాణం. అతనిదీ ధర్మాబాదే. నన్ను అక్కా అని పిలిచేవాడు. మెషిన్‌ని సీల్ తీసి బిగించి, సిస్టమ్ ఎక్కించి, "అక్కా, గుర్రం లెక్క ఉరుకుతది సూడుండ్రి" అని వెళ్లిపోయాడు.

అది నిజంగానే ఉరికింది. ఇక్కడ కథ అయిపోవాలి. మామూలు మనిషైతే అయిపోయేది కూడా.

నేను మామూలు మనిషిని కానని ఆ రోజుల్లో నాకో అభిప్రాయం. కంపెనీవాళ్లు అందరికీ సరిపోయేలా తయారుచేసి పంపే కెర్నల్ నాకు నచ్చేది కాదు. కెర్నల్ అంటే ఏమిటని అడగబోతున్నారు కదా? కూలీల దగ్గర మేస్త్రీ ఉంటాడే, అది. లోపలున్న కోర్లకి పని పంచేది, డిస్కుని, తెరని, కీబోర్డుని అదుపులో పెట్టేది అదే. ఆ మేస్త్రీని మన మెషిన్ కొలతలకి తగ్గట్టు మనమే తయారుచేసుకోవచ్చు. తయారుచేసే ముందు అది వేల ప్రశ్నలడుగుతుంది. ఈ సామాను ఉందా, ఆ సామాను ఉందా అని. మన జవాబులన్నీ ఒక ఫైల్లో చేరతాయి. దాన్ని కాన్ఫిగ్ ఫైలంటారు.

నా దగ్గర అలాంటి ఫైలొకటి ఉండేది. చదువుకునే రోజుల్లో ఒక వేసవంతా కూర్చుని, ఒక్కో ప్రశ్నా చదివి జవాబులిచ్చి తయారుచేసుకున్నాను. మా అమ్మ నిజామాబాద్ నుంచి తెచ్చిన పెరుగుతోడుతోనే ఇరవై ఏళ్లు ఇంట్లో పెరుగు పేరబెట్టింది. నేను ఆ ఫైలుని అలా కాపాడుకొచ్చాను. మెషిన్ మారినా, ఊరు మారినా, పెన్‌డ్రైవ్‌లో నా వెంటే. జూనియర్ లెక్చరర్లు అడిగితే కాస్త బతిమాలించుకుని మరీ ఇచ్చేదాన్ని.

"కంపెనీ కెర్నల్ తీసేసి నాది పెడతాను" అన్నాను శుక్రవారం పొద్దున.

జోషి సర్ టీ కప్పులోకి చూస్తూ, "చాల్తయ్ నా?" అన్నారు.

"సర్, చల్నా ఔర్ దౌడ్నా ఏక్ హై క్యా?" నడవడమూ పరుగెత్తడమూ ఒకటేనా అని.

"రేపే సాహెబ్ వస్తారు మేడం."

"అందుకే ఇవాళ చేస్తున్నాను సర్."

ఆయన టీ తాగేశారు. నేను గెలిచాను. ఆయన టీ పూర్తయితే నేను గెలిచినట్టే లెక్క.

పదకొండింటికి కరెంటు వచ్చింది. రెండింటికి పోతుంది. కెర్నల్ తయారవడానికే రెండు గంటలకు పైగా కావాలి. వేల ప్రశ్నలు మళ్లీ చదువుతూ కూర్చునే వ్యవధి లేదు. దానికో దగ్గరి దారి ఉంది. పాత ఫైలు ఇస్తే చాలు, పాత జవాబులన్నీ అందులోంచే తీసుకుని, ఈ మధ్య కొత్తగా చేరిన ప్రశ్నలు మాత్రం అడుగుతుంది. వాటికి ఎంటర్ కొడుతూ పోతే ఏది మామూలో అదే తీసుకుంటుంది. నేను ఎంటర్ మీద వేలు పెట్టాను. నా పక్కన చీపురు పట్టుకుని గంగారాం మామ నిలబడ్డాడు.

"మేడం, గది ఏందో అడుగుతున్నది."

"అడగనీ మామా."

"మీరు సూస్తలేరు. టక్కు టక్కున నొక్కుతనే ఉన్నరు."

"అదేం అడుగుతదో నాకు తెల్సు."

"మీకు తెల్సినదాన్ని అదెందుకు అడుగుతది?"

నేను తలెత్తి చూశాను. ఆ చూపుకి ఫస్టియర్ పిల్లలైతే బెంచీ కిందికి దూరేవాళ్లు. మామ కదల్లేదు.

"మా తాత గిట్లనే సావుకారి ముంగట సదవకుంట అంగూఠా ముద్ర పెట్టిండు. గప్పటిసంది మాకు గుంటెడు భూమి లేదు."

"మామా, ఇది భూమి కాదు. కెర్నల్."

"ఏదైతేంది మేడం. కాయితం కాయితమే."

"నువ్వు పోయి ఊడ్చుకో మామా."

"ఊడ్సుడయింది. గందుకే నిలవడ్డ."

ఎంటర్, ఎంటర్, ఎంటర్. రెండింటికి ఐదు నిమిషాలుందనగా నా కెర్నల్ తయారైంది. మొదటిసారికే మెషిన్ లేచి కూర్చుంది. అదే నా దురదృష్టం. లేవకపోయి ఉంటే బాగుపడేదాన్ని. ఇక అడ్డమెందుకని కంపెనీ కెర్నల్‌ని తుడిచేశాను. కరెంటు పోయింది. చీకటి ల్యాబ్‌లో కూర్చుని నన్ను నేనే మెచ్చుకున్నాను.

శనివారం పన్నెండు గంటలకి సాహెబ్ వచ్చారు. గుమ్మం బయట బూట్లు విప్పి, మేజోళ్లతో వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పరీక్ష ఏమిటంటే, పోయిన ఏడాది గ్యాదరింగ్ ఫోటోలన్నిటినీ చిన్నవి చేయాలి. ఒకపక్క నా నాలుగు కోర్ల కొత్త మెషిన్. ఇంకోపక్క ఆఫీసులోంచి మోసుకొచ్చిన రెండు కోర్ల పాత మెషిన్. దాని ముందు జోషి సర్. అది కంపెనీ కెర్నల్‌తోనే నడుస్తోంది. ఆయన దాన్ని ఏనాడూ ముట్టుకోలేదు. చాల్తయ్ కదా మరి.

"సాహెబ్, మీరు టీ తాగేలోపు నాది అయిపోతుంది" అన్నాను. ఇద్దరం ఒకేసారి మీట నొక్కాం.

సాహెబ్ టీ తాగేశారు. బిస్కెట్లు తిన్నారు. జోషి సర్ మెషిన్ సగం ఫోటోలు పూర్తిచేసింది. నాది పావు దగ్గర ఉంది.

"కాయ్ మేడం, ఆప్లా ఘోడా కుఠే ఆహే?" అన్నారాయన. మన గుర్రం ఎక్కడుంది మేడం అని.

"కొత్త మెషిన్ సాహెబ్, కొంచెం వేడెక్కాలి."

ఇంకో ఐదు నిమిషాలు. "వేడెక్కిందా?"

"ఇటువైపు ఫోటోలు కాస్త బరువైనవి సాహెబ్."

"రెండిట్లోనూ అవే ఫోటోలన్నారుగా?"

"అవే. కానీ ఇటు..." అని నేను గాల్లో చెయ్యి ఊపాను. ఆ ఊపుడికి అర్థమేమిటో ఇప్పటికీ నాకు తెలియదు.

ఈలోగా జోషి సర్ మెల్లగా, అపరాధిలా, చెయ్యెత్తారు. ఆయనది అయిపోయింది. నాది సగంలో ఉంది.

అప్పుడైనా నాకు నా మీద అనుమానం రావాలి. రాలేదు. ఆ వయసులో అనుమానాలన్నీ ఇతరుల మీదే వచ్చేవి. ఎన్ని కోర్లున్నాయో చూపించమని మెషిన్‌ని అడిగాను. ఒకటి అంది! పేరు రాసిన చోట మాత్రం నాలుగు కోర్ల చిప్ అని ఘనంగా ఉంది. పేరుకు నాలుగు, లోపల ఒకటి. నా తలలో దీపం వెలిగింది. ఏం చెప్పను, తప్పు గదిలో వెలిగింది.

లక్ష్మణ్‌కి ఫోన్ చేసి ఉన్నపళంగా రమ్మన్నాను. పాపం, బిల్లు పాసైందనుకున్నాడేమో, ఇస్త్రీ చొక్కా వేసుకుని నవ్వుకుంటూ వచ్చాడు.

"లక్ష్మణ్, నాలుగు కోర్లు అన్నవా లేదా?"

"అన్న అక్కా. నాలుగే ఉన్నయి."

"ఏవీ? గిక్కడ లెక్కపెట్టు."

అతను తెర మీదికి వంగాడు. నవ్వు పోయింది. "ఒకటే సూపెడుతున్నది... గిట్లెట్లయితది అక్కా?"

"నన్నడుగుతున్నవా? డబ్బా మీద జీడిపప్పు బొమ్మేసి లోపల పల్లీలు పోసినవు!"

"సీల్ మీ ముంగటనే ఇప్పిన గద!"

"ఆ సీల్ ఏసింది కూడ నువ్వేనేమో!"

"అక్కా, జర సూసి మాట్లాడుండ్రి. గిన్నేండ్ల సంది దుకాణం నడుపుతున్న. ఒక్కడు నన్ను ఝూటా అనలే."

"అయితే ఇయ్యాల నేనంటున్న. నువ్వు మోసగానివి!"

తెలుగు రాని సాహెబ్‌కి కూడా అర్థమయ్యేంత గట్టిగా అన్నాను. కిటికీల దగ్గర విద్యార్థులు మూగారు. లక్ష్మణ్ ముఖం ఎర్రబడింది. వంగి వైర్లు పీకడం మొదలుపెట్టాడు. సాహెబ్ లేచి, పక్కనున్న క్లర్కుతో రెండే మాటలన్నారు: "లాల్ మఖ్మల్." ఎర్ర మఖ్మల్ పర్దా. ఆ తర్వాత ఆయన డబ్బాలో తెచ్చుకున్న భోజనం తినడానికి ప్రిన్సిపాల్ గదికి వెళ్లిపోయారు.

లక్ష్మణ్ ఆటో పిలిచాడు. మెషిన్‌ని ఒకపక్క అతను, ఒకపక్క నేను మోసి ఎక్కించాం. వర్షంలో తడిసిన పిల్లాణ్ణి చుట్టినట్టు గంగారాం మామ దానికి తన తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆటో కదిలింది. ఏడ్చిన ఆ ముగ్గురమ్మాయిలూ మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. వాళ్లు నన్నేమీ అడగలేదు. అడిగితే బాగుండేది, పోట్లాడేదాన్ని.

ల్యాబ్‌లోకి తిరిగొచ్చాక జోషి సర్ గొంతు తగ్గించి, "మేడం, మీ ఫైల్లో ఎక్కువ ప్రాసెసర్లకి సంబంధించిన ప్రశ్న ఉంటుంది కదా, దానికి అవునని ఉందా?" అన్నారు.

"సర్, ఆ ఫైలు నాది."

"అందుకే అడుగుతున్నాను."

ఆయన నోరు మూయించాలనే ఏకైక లక్ష్యంతో పెన్‌డ్రైవ్ పెట్టి ఫైలు తెరిచాను. వెతికాను. దొరికింది. ఒకటికంటే ఎక్కువ ప్రాసెసర్లున్న మెషినా అన్న ప్రశ్నకి, నా వేలితో, నేనే ఇచ్చిన జవాబు: కాదు.

ఆ జవాబు ఇచ్చిన వేసవిలో అది నిజమే. అప్పటి నా మెషిన్‌కి ఒకటే బుర్ర. పాత జవాబున్న ప్రశ్నని దగ్గరి దారి మళ్లీ అడగదు. గంగారాం మామ అన్నట్టు నేను కొత్త ప్రశ్నలన్నీ చదివి ఉన్నా లాభం లేకపోయేది. అసలైన ప్రశ్న అది అడగనే లేదు. ఎందుకంటే ఏళ్ల కిందటే నేను తేల్చిచెప్పేశాను. మేస్త్రీ హాజరు పట్టీలో ఒక్క కూలీ పేరే రాసిచ్చాను. పన్నెండింటినుంచీ వాడొక్కడే ఫోటోలు మోశాడు. మిగతా ముగ్గురూ గోడ నీడన హాయిగా పడుకున్నారు.

జోషి సర్ నా వైపు మంచినీళ్ల గ్లాసు జరిపారు. ఆయన రిటైరై చాలాకాలమైంది. ఆ గ్లాసు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను. ఏదైనా అని ఉంటే అప్పుడే ఒక దుమారం లేపి మర్చిపోయేదాన్ని.

గడియారం చూశాను. ఒంటిగంట దాటి పది నిమిషాలు. సాహెబ్ డబ్బా తిని, కాసేపు కునుకు తీసి, రెండింటికి వెళ్లిపోతారు. రెండింటికి కరెంటూ పోతుంది. గుమ్మం బయట దొరికిన చెప్పుల్లో కాళ్లు పెట్టి బయల్దేరాను. సగం దూరం వెళ్లాక చూసుకుంటే ఒక కాలికి నాది, ఇంకో కాలికి జోషి సర్‌ది.

ఆటో రైల్వే గేటు దగ్గర ఆగి ఉంది. గూడ్సు బండి ఒకటి తాపీగా, ఎవరి కొంపా మునగనట్టు పోతోంది. బండ్లు టైముకు నడవాలని మా నాన్న జన్మంతా తపించాడు. ఆ రోజు మాత్రం ఆలస్యంగా నడిచిన ఆ గూడ్సుకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

లక్ష్మణ్ నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. "ఏంది అక్కా, ఇంకేమన్న తిట్లు మిగిలినయా?"

"లక్ష్మణ్... మెషిన్ మంచిదే."

"ఎరుకే నాకు."

"నా... ఫైలు..." అన్నాను. తప్పు నాది అన్న మాట నా నోటి నుంచి అదివరకెన్నడూ రాలేదు. దారి తెలియక లోపలే తచ్చాడింది. "నా ఫైలు ఖరాబ్. తప్పు నాది."

"ఏందీ? గాడి సప్పుడుల ఇనవడలే."

"ఇనవడ్డది, మల్ల అనిపిస్తున్నడు మేడం" అని గంగారాం మామ ఆటోలోంచి తీర్పు చెప్పాడు.

"తప్పు నాది!"

లక్ష్మణ్ ఆటోవాడికి బండి వెనక్కి తిప్పమని సైగ చేశాడు. "వస్త అక్కా. కాని ఒక్కటి. మెషిన్ ఉరికినంక, అక్కడ ఎంత గట్టిగ తిట్టిన్రో గంత గట్టిగ, గక్కడనే, గందరి ముంగటనే చెప్పాలె. గేటు కాడ చెప్తే నాకు చెల్లది."

"చెప్తా."

"మెల్లగ కాదు."

"నేనెప్పుడన్న మెల్లగ మాట్లాడిన్నా?"

అది నిజమని ఆటోవాడితో సహా అందరూ ఒప్పుకున్నారు.

ల్యాబ్ చేరేసరికి ఒంటిగంట ముప్పై. లక్ష్మణ్ తన సీడీలోంచి కంపెనీ కెర్నల్‌ని తిరిగి ఎక్కించాడు. సాహెబ్‌ని పిలుచుకురావడానికి జోషి సర్ వెళ్లారు. ఆ నిదానస్తుడు ఆ రోజు మెట్లు రెండేసి చొప్పున ఎక్కడం నేను కళ్లారా చూశాను. సాహెబ్ వచ్చి నిలబడ్డారు. మెషిన్ ఆన్ చేశాం.

తెర మీద పై వరసలో పెంగ్విన్ బొమ్మలు వచ్చాయి. మేల్కొనేటప్పుడు కెర్నల్ తన కింద ఎన్ని కోర్లున్నాయో అన్ని పెంగ్విన్లని చూపిస్తుంది. ఈ సంగతి నేను పిల్లలకి పాఠంగా చెబుతాను. చెబుతాను, చూసుకోను.

"మేడం, నిన్న ఒక్కటే పిట్ట ఉండె" అన్నాడు గంగారాం మామ. "ఇయ్యాల నాలుగున్నయి."

"నిన్ననే సూసినవా మామా? మరి చెప్పలేదేంది?"

"చెప్పబోయిన. ఊడ్చుకో పో అన్నరు."

సాహెబ్ అడిగారు, "కాయ్ ఝాలం హోతం?" ఏం జరిగిందని. మరాఠీలో, తలొంచుకుని, ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగు కోర్లున్నా నా ఫైలు వల్ల మూడు నిద్రపోయాయని, ఒక్కటే పనిచేసిందని.

ఆయన గదిలో అందరినీ ఒకసారి చూసి, "హే తర్ ఆప్ల్యా స్టాఫ్‌రూమ్‌సార్ఖంచ్ ఝాలం!" అన్నారు. ఇది అచ్చం మన స్టాఫ్‌రూమ్‌లాగే ఉందే అని. గదిలో ఉన్న స్టాఫ్ అంతా ఎవరికి వాళ్లు, ఆ పనిచేసే ఒక్కరూ తామే అన్నట్టు నవ్వారు.

ఒంటిగంట నలభై మూడుకి ఫోటోల పని మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి నేను ఏమీ అనలేదు. వేడెక్కాలనీ, బరువనీ, ఏమీ. ముగ్గురమ్మాయిలు నా వెనక నిలబడి గడియారాన్ని, తెరని మార్చి మార్చి చూస్తున్నారు. పావు అయింది. సగం అయింది. ఒకమ్మాయి నా చీర కొంగు పట్టుకుని మెలితిప్పుతోంది, తనదనుకుందో ఏమో. ఒంటిగంట యాభై నాలుగుకి ఆఖరి ఫోటో అయిపోయింది. జోషి సర్ మెషిన్ తీసుకున్న సమయంలో సగం!

సాహెబ్ బూట్లు వేసుకోవడానికి వంగుతూ క్లర్కుతో, "పర్దాకి ఇంకో ఏడాది కుట్లు వేయించండి" అన్నారు. అమ్మాయిలు కేకలేశారు. కొంగు మెలితిప్పిన పిల్ల నన్ను వాటేసుకుంది.

లక్ష్మణ్ మాత్రం చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

నేను వరండాలోకి నడిచాను. ఊపిరి నిండా పీల్చుకున్నాను. కాలేజీలో ఫ్యాన్లు, పంపు మోటారు, ఫిజిక్స్ ల్యాబ్‌లో ఏవో యంత్రాలు, అన్నీ హోరెత్తుతున్నాయి. ఆ హోరులో సగం మాటలు కొట్టుకుపోతాయని లోపల చిన్న ఆశ. గొంతెత్తాను.

"లక్ష్మణ్ మోసగాడు కాదు..."

సరిగ్గా అప్పుడు గంట రెండు కొట్టింది. కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, మోటారు ఆగింది, మూడంతస్తుల కాలేజీ శ్మశానంలా నిశ్శబ్దమైపోయింది. ఆగుదామంటే నా గొంతు అప్పటికే బయల్దేరిపోయింది.

"...తప్పంతా నాదే!"

మూడో అంతస్తులో పరీక్ష రాస్తున్న కామర్స్ పిల్లలు కిటికీల్లోంచి తొంగిచూశారు. సోమవారం పొద్దున కాలేజీ గేటు ముందు చెరుకురసం బండివాడు నాకు గ్లాసు అందిస్తూ, "తప్పు మీదేనట గద మేడం?" అని మర్యాదగా పరామర్శించాడు. లక్ష్మణ్ ఆ తర్వాత నాకు ఏ సామాను అమ్మినా ముందు ఒకటికి రెండుసార్లు, "అక్కా, మీ ఫైలు దీనికి తగిలియ్యరు గద?" అని అడిగి మరీ ఇచ్చాడు.

ఆ అమ్మాయిల ప్రాజెక్టు ఆ సోమవారం ఒంటిగంటకే పూర్తయింది. మెషిన్ మా ల్యాబ్‌లో ఎన్నో ఏళ్లు పనిచేసింది. ఎన్ని బ్యాచ్‌లు దాని ముందు కూర్చుని లేచిపోయాయో! ఇప్పుడు లోడ్‌షెడ్డింగ్ లేదు, చెప్పులు విప్పడమూ లేదు. కరెంటు పోతుందేమోనని ముగ్గురు ఒక తెర ముందు ఊపిరి బిగబట్టి కూర్చోవడం ఈ పిల్లలకి చెబితే నమ్మరు. నాకు మాత్రం ఆ పదకొండు నిమిషాలు ఇప్పటికీ పదకొండు నిమిషాల్లాగే గుర్తున్నాయి.

కాబట్టి పాఠకమహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పాత ఫైలునీ చదవకుండా కొత్త మెషిన్‌కి తగిలించను. ఎప్పుడో ఏళ్ల కిందట "కాదు" అని తేల్చేసిన ప్రతి ప్రశ్ననీ నన్ను నేను మళ్లీ ఒకసారి అడుగుతాను, వినయంగా జవాబు చెబుతాను. అయితే ఈ ప్రమాణం కెర్నల్‌కి మాత్రమే వర్తిస్తుంది. ఇది చదివి మా ఆయన ఆశపడితే నా బాధ్యత కాదు. మోటారుసైకిల్ కొందామని ఆయన పెళ్లైన కొత్తలో అడిగినప్పుడు నేను కాదన్నాను. ఆ జవాబు అప్పుడూ సరైనదే, ఇప్పుడూ సరైనదే. మళ్లీ అడగనక్కర్లేదు.